ఎర్ర నేల మీద తెల్ల నూలు

హెల్త్ యూనిట్‌లో కొత్తగా చేరిన అమ్మాయిలు ఇప్పటికీ అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. టీ తాగుతూ, "ఇళ్ళు తిరిగేటప్పుడు ముందు ఏం చూడాలి పిన్నీ?" అని అడుగుతారు. మురుగు చూడండి, నీళ్ళ డ్రమ్ము చూడండి, పూలకుండీ కింద పళ్ళెంలో నిలిచిన నీళ్ళు చూడండి అంటాను. అవన్నీ వాళ్ళకు ముందే తెలుసు. నేను చెప్పాలనుకునేది వేరొకటి. అది టీ చల్లారేలోపు తెమిలే మాట కాదు. వాళ్ళకు డ్యూటీ టైమవుతుంది, లేచి వెళ్ళిపోతారు. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

నేను డాక్టర్ని కాను, నర్సునూ కాను. మా నాన్న ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాప్‌లో పనిచేస్తూ సర్వీసులో ఉండగానే పోతే, కారుణ్య నియామకం కింద నాకు రైల్వే ఆస్పత్రిలో అటెండెంట్ ఉద్యోగం వచ్చింది. తర్వాత ట్రాఫిక్ సెటిల్‌మెంట్ అనే రైల్వే కాలనీ వైపున్న హెల్త్ యూనిట్‌కి వేశారు. పొద్దున రోగుల వరస చూడటం, పిల్లల్ని తూకం వెయ్యటం. మధ్యాహ్నం క్వార్టర్లు తిరిగి నీళ్ళు, చెత్త, జ్వరాలు కనిపెట్టి ఉండటం. ఈ పనిలో ఉన్న ఆడవాళ్ళని బెంగాలీలు మాషీ అంటారు. రిటైరయ్యే వరకు ఆస్పత్రికి నేను మాషీని, మన తెలుగిళ్ళలో పిన్నిని.

నా చదువు తొమ్మిదో తరగతిలో ఆగిపోయింది. మిగిలినదంతా మన తెలుగువాళ్ళు నడిపే గ్రంథాలయంలో చదువుకున్నాను. ఈ మాట చెప్పుకోవటానికి నాకు గర్వమే. ఆరోగ్యం అని అట్ట మీద కనబడితే చాలు, చెదలు తిన్న పేజీల్లో మధ్య మాటలు ఊహించుకుంటూ అయినా సరే, చివరిదాకా చదివేదాన్ని. నీటి శుద్ధి, ఈగలు, నులిపురుగులు, పసిపిల్లల ఆహారం, వంటింటి పొగ, అన్నీ. మందులిచ్చే ఫార్మసిస్టు, ఆయనా మనవాడే, రోగులందరి ముందూ అనేవాడు: "మన యూనిట్లో ఇద్దరు డాక్టర్లున్నారర్రా. ఒకరు కాలేజీ డాక్టరు, ఒకరు లైబ్రరీ డాక్టరు. ఎవరికి సూపించుకుంటారో మీ ఇష్టం." నేను కోపం నటించేదాన్ని. లోపల మాత్రం బాగానే ఉండేది.

ఇక ఆ ఇల్లు.

వర్క్‌షాప్‌లో బ్యాటరీ సెక్షన్ కుర్రవాడిది. రైలు పెట్టెల కింద దీపాలకూ పంఖాలకూ పెద్ద పెద్ద బ్యాటరీలుంటాయి. వాటిని విప్పి, శుభ్రం చేసి, మళ్ళీ బిగించే పని. అతని భార్యది ఊరి బయట సాలువా దగ్గర ఒక పల్లె. పుట్టింట్లో కోళ్ళు, మేకలు, మట్టి వాకిలి. అత్తగారు ఊళ్ళోనే తాల్‌బగీచా పేటలో పెద్దకొడుకు దగ్గర ఉండేది. వచ్చినప్పుడల్లా కోడలిని ఒక్క మాటతో పొడిచేది: "కోళ్ళ గూట్లో పెరిగినదానికి సుబ్రం ఏటి తెలుస్తాది?"

ఆ మాటకు జవాబుగానే కాబోలు ఆ పిల్ల ఇంటిని అద్దం చేసింది. రైల్వే క్వార్టర్ల ఎర్ర సిమెంటు నేల మీరు చూసే ఉంటారు. చాలా ఇళ్ళలో అది పగుళ్ళు తేలి వెలిసిపోయి ఉంటుంది. ఆమె ఇంట్లో నేల మీద మన మొహం కనబడేది. ఎవరు వచ్చి వెళ్ళినా వాళ్ళ అడుగుజాడలు ఆరకముందే తుడిచేసేది. తలుపు వెనక, చేతికందేలా, తెల్లటి కాటన్ వేస్ట్ ఉండ ఒకటి ఎప్పుడూ ఉండేది. బట్టల మిల్లుల్లో మిగిలిపోయిన నూలు పోగుల కుప్ప అది. మెషీన్లు తుడుచుకోవటానికి వర్క్‌షాప్‌కి మూటలుగా వస్తుంది. వాడేసినదానిలో నాలుగు పోగులు జేబులో పెట్టుకుని ఇంటికి తేవటం ఖరగ్‌పూర్‌లో తాతల నాటి అలవాటు. సైకిలు, స్టవ్వు, కిటికీ, నేల, అన్నిటికీ అదే. మా నాన్నా తెచ్చేవాడు.

కాలనీలో మిగతా ఆడవాళ్ళను నేను ఆ ఇంటికి తీసుకువెళ్ళి చూపించేదాన్ని. "ఇల్లంటే ఇలా ఉండాలి. సగం జబ్బులు గుమ్మం దగ్గరే ఆగిపోతాయి" అని ఉపన్యాసం కూడా ఇచ్చేదాన్ని. ఆ పిల్ల తలుపు పక్కన నిలబడి సిగ్గుపడుతూ వినేది. అత్తగారి మాట ఆ కాసేపూ ఆమెను తాకేది కాదు.

వాళ్ళకు ఒక్కతే పాప. రెండేళ్ళు నిండుతున్నాయి. మాటలప్పుడే వస్తున్నాయి. సాయంత్రం వర్క్‌షాప్ సైరన్ మోగితే ఎక్కడున్నా తల ఎత్తి "నాన్న!" అని అరిచేది. నాన్న అనే మనిషి ఆ కూతలోంచే పుడతాడని దాని నమ్మకం. వీధిలో అందరూ సైరన్ కోసం కాకుండా ఆ అరుపు కోసం చూసేవాళ్ళు.

ఆ వానాకాలంలో పాప చిరాకు పడటం మొదలుపెట్టింది. అన్నం తోసేసేది. పొట్ట పట్టుకుని ముడుచుకునేది. మొహం సుద్దముక్కలా పాలిపోయింది. మా డాక్టరమ్మ బెంగాలీ ఆవిడ, ఓపికైన మనిషి. చూసి, రక్తం తక్కువగా ఉందని చుక్కల మందు రాసింది. నాకు నా పుస్తకాలు గుర్తొచ్చాయి. "నులిపురుగులు అయ్యుంటాయి మేడమ్" అన్నాను. ఆవిడ నవ్వి, "అయ్యుండొచ్చు మాషీ" అని దానికీ మందు ఇచ్చింది. ఫార్మసిస్టు సీసా చేతికిస్తూ, "ఈ మందు ఏ పేజీలోదో సెప్పండి లైబ్రరీ డాక్టరుగారూ" అన్నాడు.

పిల్లలు నేల మీద ఆడి చేతులు నోట్లో పెట్టుకుంటారు కాబట్టి నేలను మరింత శుభ్రంగా ఉంచమని డాక్టరమ్మా నేనూ కలిసే చెప్పాము. ఆ పిల్ల తల ఊపింది. అప్పటికే పూటపూటా తుడిచే ఇల్లు అది. ఇక చేతిలో నూలు ఉండ లేకుండా నేను ఆమెను చూడలేదు.

పాప బాగుపడలేదు.

దుర్గాపూజ సెలవులకు తల్లి పాపను తీసుకుని పుట్టింటికి వెళ్ళింది. కాళీపూజ అయ్యాక గానీ రాలేదు. వచ్చినప్పుడు చూడాలి, బుగ్గలు వచ్చాయి, మోకాళ్ళ నిండా మట్టి మరకలు, కోడిపుంజులా కూత. చుక్కల మందు పనిచేసిందని డాక్టరమ్మ సంతోషించింది. పురుగుల మందు పనిచేసిందని నేను సంతోషించాను.

చలికాలం మొదలయ్యేసరికి మళ్ళీ మొదటికొచ్చింది. ఈసారి ఇంకా గట్టిగా. నడుస్తూ నడుస్తూ తూలేది. వచ్చిన మాటలు ఒక్కొక్కటే పోవటం మొదలైంది. ఒక సాయంత్రం కుళాయి దగ్గర తల్లి నా చెయ్యి పట్టుకుంది. బిందె నిండి పొర్లిపోతున్నా చూసుకోలేదు.

"పిన్నీ, నిన్న సైరన్ మోగింది. గుంట తల తిప్పనేదు."

"నిద్రలో ఉందేమోనమ్మా."

"నేదు పిన్నీ. కళ్ళు తెరుసుకునే ఉంది. ఆలకిస్తాది, గాని పలకదు. నాన్న ఎక్కడే అంటే నా నోటికేసి సూస్తాది, అంతే."

జ్వరం వస్తే తగ్గుతుంది, గాయమైతే మానుతుంది. మాట వెనక్కి పోవటం గురించి నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

అత్తగారు తాల్‌బగీచా నుంచి రోజూ రావటం మొదలుపెట్టింది. దిష్టి తీసింది, అమ్మవారికి మొక్కింది, తాయెత్తు కట్టింది. చివరికి పాపను తన దగ్గర పెట్టుకుంటానంది. "నేల తుడుసుకుంటే సాలదే, కన్నదాన్ని సూసుకోవాల. నీకు ఇల్లు గావాలా, గుంట గావాలా?" అని వీధి వినేలా అడిగింది. ఆ పిల్ల ఏడవలేదు. లోపలికి వెళ్ళి అత్తగారు నిలబడ్డచోటు తుడిచింది. ఆ అత్తగారు అన్నంత పనీ చేసి పాపను తీసుకుపోయి ఉంటే పాపకు నిజంగానే తేలికపడి ఉండేదని తర్వాత తెలిసింది. కారణం మాత్రం ఎవరికీ తెలిసేది కాదు. తల్లి చేతిలో పిల్ల బతకదన్న మాట కోడలి నెత్తిన జీవితాంతం ఉండిపోయేది.

ఒక పొద్దున పాప వాంతి చేసుకుని, కళ్ళు తేలేసి, కాసేపు కట్టెలా బిగుసుకుపోయింది. తల్లీ అత్తగారూ పాపను ఎత్తుకుని యూనిట్‌కి పరుగెత్తుకొచ్చారు. నేను బల్ల మీద పాపను పట్టుకున్నాను. చేతిలో బరువే లేదు. డాక్టరమ్మ చూస్తూ ఉంటే, వెనక అత్తగారు ఆగకుండా అంటూనే ఉంది.

"సాలువాలో కోళ్ళ పెంటలో దొర్లినప్పుడు గుంట రాయిలాగుంది. ఈ మారాణి అద్దాల మేడలోకి వచ్చిందో నేదో, మళ్ళీ పడింది. ఇదేటో నువ్వే సెప్పమ్మా!"

డాక్టరమ్మకు తెలుగు ముక్కలు ముక్కలుగా వచ్చు. "ఏమంటోంది మాషీ?" అని అడిగింది. తిట్లు తీసేసి మిగిలింది బెంగాలీలో చెప్పాను. రాస్తున్న చెయ్యి ఆగిపోయింది.

"మట్టింట్లో బాగుందా? శుభ్రమైన ఇంట్లో జబ్బా?" అని తనలో తాను అనుకున్నట్టు అంది. తర్వాత తలెత్తింది. "మెయేర్ బాబా కీ కాజ్ కొరే?"

పాప తండ్రి ఏం పని చేస్తాడని. "బ్యాటరీ సెక్షన్ మేడమ్" అన్నాను.

ఆవిడ ముఖం మారిపోవటం చూశాను. పాపను వెంటనే పెద్దాస్పత్రిలో చేర్పించి, రక్తం కలకత్తాకు పంపించింది. తర్వాత నన్ను పక్కకు పిలిచి చెప్పింది. బ్యాటరీలో ఉండేది సీసం. దాని పొడి కంటికి కనబడదు, వాసన ఉండదు. పెద్దవాళ్ళకంటే పసిపిల్లలకు ఎక్కువ చెరుపు. రక్తాన్ని పలచన చేస్తుంది, పొట్టను మెలిపెడుతుంది, మెదడు మీదికి పోతుంది. "ఆ ఇల్లు నీకు తెలిసినంత నాకు తెలియదు మాషీ. అతని పనిలోంచి ఆ ఇంట్లోకి ఏం వస్తోందో వెళ్ళి చూడు."

నా పుస్తకాల్లో ఈగ ఉంది, దోమ ఉంది, పురుగు ఉంది. సీసం లేదు. మూడో రోజు ఆ ఇంటికి దారంతా అదే అనుకుంటూ నడిచాను.

పాప కాస్త తేరుకుందని ఆస్పత్రి నుంచి ఆ పొద్దునే పంపేశారు. రిపోర్టు ఇంకా రాలేదు. నేను వెళ్ళేసరికి పాప గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. తల్లికి విషయం చెప్పాను. ఆమె మొదట భయపడింది, తర్వాత రోషపడింది.

"నా ఇంట్లోకా పిన్నీ? నువ్వే కదా అందరికీ సూపించినావు? ఆయన బూట్లు ఇదిగో, బయటే. డ్యూటీ బట్టలకి వేరే బకెట్టు, గుంట బట్టలతో కలపను. టిఫిను కారేజీ ఏడినీళ్ళతో కడుగుతాను. ఇంకేటి సూస్తావో సూడు."

చూశాను. బూట్లు చూశాను, బకెట్టు చూశాను, అతని సంచీ దులిపి చూశాను. మంచం కింద, బీరువా వెనక, బియ్యం డబ్బాలో. ఎక్కడా ఏమీ లేదు. అంత శుభ్రమైన ఇంట్లో తప్పు వెతకటం నాకే సిగ్గుగా అనిపించింది. రక్తంలో కూడా ఏమీ లేదని వస్తే ఇక వెతకటానికి చోటే మిగలదని భయం. "ఏమీ లేదని మేడమ్‌తో చెప్తానమ్మా" అని చెప్పులేసుకుని గుమ్మం దిగాను.

వీధి మలుపు దగ్గర ఎందుకో వెనక్కి తిరిగాను. తలుపు తీసే ఉంది. అలవాటు ప్రకారం ఆ పిల్ల వంగి నా అడుగులు తుడుస్తోంది. పాప ఆమె వెనకే డేకుతూ, తడి నేల మీద అరచేతులు ఆనించి, ఆ చల్లదనానికి కాబోలు, ఆ రోజు మొదటిసారి నవ్వి, వేళ్ళు నోట్లో పెట్టుకుంది.

ఆ ఉండను నేను ఆ ఇంట్లో వందసార్లు చూసి ఉంటాను. మా ఇంట్లో పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాను. ఇందాక వెతికినప్పుడు దాన్ని పక్కకు జరిపి మరీ తలుపు వెనక చూశాను.

పరుగున వెనక్కి వచ్చి పాపను ఎత్తుకున్నాను. "ఇది ఎక్కడిదమ్మా?"

"ఏది? ఈ వేస్టా? ఆయన సెక్షన్‌లోదే." నా గొంతు విని ఆమె భయపడింది. "కొత్తది ఇవ్వరు గదా పిన్నీ. బ్యాటరీలు తుడిసి పారేసింది తెస్తాడు. నేను సోడాలో ఉడకబెట్టి, ఎండబెట్టి వాడతాను. మురికి కాదు, సూడు, ఎంత తెల్లగుందో!"

నిజమే. మల్లెపువ్వులా ఉంది.

"కిందపెట్టు తల్లీ" అన్నాను. "కిందపెట్టి చేతులు కడుక్కో."

ఆమె నా ముఖం చూసింది, నూలు చూసింది, నేల చూసింది. ఒక మూల నుంచి ఇంకో మూల దాకా నిదానంగా చూసింది. అర్థమైపోయింది. చేతిలోది వదలటానికి మాత్రం వేళ్ళు రాలేదు. నేనే విప్పదీశాను.

సాయంత్రం సైరన్ మోగింది. అతను వచ్చాడు. సంగతంతా విన్నాడు. ముందు పాప గురించి అడుగుతాడనుకున్నాను.

"పిన్నీ, డాక్టరమ్మకి ఇది సెప్పకు. పారేసిందే తెచ్చినాను, గాని గేటు కాడ పట్టుకుంటే రైల్వే మాలు అంటారు. ఉజ్జోగం మీదకి ఒస్తాది. సీసం అని మాత్రం సెప్పు, ఎలగ ఒచ్చిందో తెలీదను."

నేను నోరు తెరిచేలోపే భార్య అంది. గొంతు పెంచలేదు.

"సైరన్ మోగింది. ఇన్నావా?"

"ఇన్నాను."

"గుంట పిలిసిందా నిన్ను?"

అతను పాప వైపు చూశాడు. పాప నా భుజం మీది కొంగు అంచు చూస్తోంది. అతను ఇంట్లో ఉన్న నూలంతా, పెరట్లో ఆరేసినదీ, అటక మీద దాచినదీ, ప్లాస్టిక్ సంచీలో మూటకట్టి, తెల్లారి తానే పట్టుకొచ్చి డాక్టరమ్మ ముందు నిలబడ్డాడు. ఆవిడ అతని మాటంతా విని, "నేను డాక్టర్ని, గేటు పోలీసుని కాదు. చేతులు సబ్బుతో కడుక్కుని రా, కూర్చుని మాట్లాడదాం" అంది.

రిపోర్టు వచ్చింది. సీసమే. అతని బట్టలతో కొంత, జుట్టుతో కొంత వచ్చి ఉండొచ్చు గానీ, ఎక్కువ పాలు ఆ నూలుదేనని డాక్టరమ్మ తేల్చింది. ఉడకబెడితే జిడ్డు పోతుంది, క్రిమి చస్తుంది, సీసం ఎక్కడికీ పోదు. తడి నేలంతా పలచగా పూసినట్టు అవుతుంది. ఎంత ఎక్కువ తుడిస్తే అంత. పాపను కలకత్తా పంపారు. రక్తంలోంచి సీసాన్ని లాగేసే మందు ఇచ్చారు. పొట్ట నొప్పి పోతుంది, రక్తం పడుతుంది అన్నారు. మాటల సంగతి అడిగితే మాత్రం, "చూద్దాం" అన్నారు. డాక్టర్లు చూద్దాం అన్నప్పుడు ఏం చూస్తారో ఇన్నేళ్ళ సర్వీసులో నాకు తెలుసు.

పాప ఇంటికి వచ్చాక ఇంకో చిక్కు వచ్చింది. తల్లి నేలను ముట్టుకోవటం మానేసింది. పాపను మంచం దింపేది కాదు. ఆ ఎర్ర నేల మీద దుమ్ము పేరుకుంది, అన్నం మెతుకులు ఎండిపోయాయి, చీమలు బారులు కట్టాయి. దుమ్ములోనే సీసం మిగిలి ఉంటుంది కాబట్టి తడిగుడ్డతో తుడవాలనీ, ఆ గుడ్డ మళ్ళీ వాడకుండా పారెయ్యాలనీ డాక్టరమ్మ చెప్పిన మాట నేను మోసుకెళ్ళాను.

"ఏ గుడ్డ పట్టుకోమంటావు పిన్నీ? ఏది మంచిదో నాకేటి తెలుసు?"

మా ఇంటికి వెళ్ళి, ఉతికి ఉతికి మెత్తబడ్డ నా నేత చీర ఒకటి తెచ్చి ఆమె ముందే ముక్కలు చింపాను. ఆమె వాటి వైపు చూస్తూ కూర్చుంది. అప్పుడే అత్తగారు వచ్చింది. గుమ్మంలో నిలబడి ఇల్లంతా ఒకసారి చూసింది. ఇక తిట్లు మొదలవుతాయి అనుకున్నాను. ఆవిడ చీర కుచ్చిళ్ళు ఎగదోపి, బకెట్టు దగ్గరకు లాక్కుని, ఒక ముక్క ముంచి పిండింది. మోకాళ్ళ నొప్పికి మూలుగుతూ కింద కూలబడింది.

"లెగవే. ఆ మూల నుండి నువ్వురా. ఈ మూల నుండి నేనొస్తాను. మజ్జిలో కలుద్దాం."

క్షమించమన్న మాట ఆవిడ నోట నేను వినలేదు. ఆ రోజు గుడ్డలన్నీ అయిపోయేదాకా ఇద్దరూ తుడిచారు.

ఆ తర్వాత నేను వర్క్‌షాప్ వాళ్ళ ఇల్లిల్లూ తిరిగి వేస్ట్ వాడొద్దని చెప్పాను. "మా తాత తెచ్చినాడు, మా నాన్న తెచ్చినాడు, మాకేటయింది?" అని నవ్విన వాళ్ళే ఎక్కువ. ఫార్మసిస్టు నవ్వలేదు. మర్నాడు అతని స్కూటరు సీటు కింద చూస్తే వేస్ట్ ఉండకు బదులు పాత బనియను ముక్క ఉంది. మా ఇంట్లో ఉన్న ఉండ కూడా తీసి పారేశాను. మా నాన్న సెక్షన్ వేరు, అయినా సరే.

అందుకని పిల్లలూ, ఇళ్ళకు వెళ్ళినప్పుడు మురికి చూడండి, తప్పకుండా చూడండి. దానితో పాటు, ఇంటిని దేనితో శుభ్రం చేస్తున్నారో అది కూడా చేతిలోకి తీసుకుని చూడండి. ఎక్కడి నుంచి వచ్చిందో అడగండి. మీ ఇంట్లోనూ ఉన్న వస్తువైతే ఇంకా గట్టిగా అడగండి.

ఎండలు ముదిరాక ఒక సాయంత్రం పాపను తూకం వెయ్యటానికి వాళ్ళింటికి వెళ్ళాను. నడుస్తోంది, తింటోంది. మాటలు మాత్రం ఇంకా అమ్మ అనే ఒక్క మాట దగ్గరే ఆగి ఉన్నాయి. తల్లీ నేనూ గుమ్మంలో కూర్చున్నాం. సైరన్ మోగింది. ఇద్దరం పాప వైపు చూడకూడదని రోడ్డు వైపు చూస్తున్నాం. ఎన్నో సాయంత్రాల నుంచి ఆ ఇంట్లో అదే అలవాటు.

వెనక నుంచి ఏ చప్పుడూ రాలేదు.

అతను సైకిలు దిగి, డాక్టరమ్మ చెప్పిన ప్రకారం గేటు పక్క కుళాయి దగ్గరే చొక్కా విప్పాడు. స్నానం అయ్యాక గానీ గుమ్మం ఎక్కడు, పాపను తాకడు. చెంబు ముంచాడు. అప్పుడు మా ఇద్దరి మధ్య నుంచి ఒక చిన్న తల దూరింది.

"నాన్న."

చెంబు గాలిలో ఆగిపోయింది. తల్లి నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. పాప మెట్టు దిగబోయింది. అతను రెండు చేతులూ పైకెత్తి వెనక్కి వెనక్కి జరిగాడు.

"ఆగమ్మా, రాకు, రాకు. తానం సేసి ఒస్తాను. పిన్నీ, పట్టుకో దాన్ని!"

పట్టుకున్నాను. పాప నా చేతుల్లో గిలగిల కొట్టుకుంటూ, కాళ్ళతో నా కడుపు మీద తన్నుతూ, నాన్న, నాన్న అని వీధి అదిరేలా ఏడుపు అందుకుంది. అతను తల మీద చెంబు మీద చెంబు గుమ్మరించుకుంటున్నాడు. ఏడుపు ఆపించమని ఎవరూ అనలేదు.